డైస్ డబ్బా: పక్క ఊరి టేబుల్‌లో పోయిన చెయ్యి మన టేబుల్‌లో ఉన్నట్టా, లేనట్టా?

ఈసారి డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరూ ఒక క్యారెక్టర్‌గా డైస్ వేసి కథ ఆడే ఆట) గురించి వచ్చిన ప్రశ్నలన్నీ చుట్టూ తిరిగి ఒక్క చోటికే వస్తున్నాయండి. క్యారెక్టర్‌కి ఏదైనా అయితే అది అలా ఉండిపోవాలా, ఉండిపోతే ఎవరు గుర్తుపెట్టుకోవాలి, పక్క ఊరి డీఎమ్ (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషి) ఒప్పుకోకపోతే ఏంటి అని. కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. ఇంట్లో నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని ఆడుకునే డీ అండ్ డీ వేరు, ఆర్గనైజ్డ్ ప్లే వేరు. ఇందులో క్యారెక్టర్ మీదే గానీ టేబుల్ మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ, ఈ వారం అమలాపురం, పై వారం భీమవరం, ఆ తర్వాత కాకినాడలో ముఖం కూడా తెలియని డీఎమ్ దగ్గర. మీతో పాటు తిరిగేది ఒక్క లాగ్ షీటే, అంటే క్యారెక్టర్‌కి ఏ టేబుల్‌లో ఏం జరిగిందో రాసే కాగితం, తగువులన్నీ పుట్టేది కూడా దాని దగ్గరే.

అన్నా, నాది లెవెల్ 3 ఫైటర్. భీమవరం టేబుల్‌లో ఓగర్ అనే రాక్షసుడు కొట్టిన దెబ్బకి జీరో హిట్ పాయింట్స్‌కి (ఒంట్లో మిగిలిన ప్రాణం లెక్క) పడిపోయా. డీఎమ్ గారు ఏదో గాయాల లిస్టు తీసి డీ20 (ఇరవై ముఖాల డైస్) వెయ్యమన్నారు, 2 పడింది, ఎడమ చెయ్యి పోయిందన్నారు. షీల్డ్ పట్టే చెయ్యి అన్నా అది. పై వారం కాకినాడ వెళ్తే అక్కడ డీఎమ్ "మేం ఆ లిస్టు వాడం బాబూ, నీ చెయ్యి ఉంది, ఆడుకో" అన్నారు. ఇంతకీ నాకు చెయ్యి ఉందా లేదా? – బీటెక్ థర్డ్ ఇయర్, అమలాపురం

ఉంది తమ్ముడూ, నిశ్చింతగా షీల్డ్ పట్టుకో.

భీమవరం డీఎమ్ గారు తీసింది 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్న లిస్టు. 1 పడితే కన్ను, 2 పడితే చెయ్యి, 3 పడితే కాలు, 20 పడితే చిన్న మచ్చతో బయటపడతావు. అది ఆప్షనల్ రూల్ అని ఆ పుస్తకంలోనే ఉంది. ఇంట్లో ఆడేటప్పుడు అందరూ సరే అనుకుంటే భలే ఉంటుంది, నాక్కూడా ఇష్టమే. కానీ పది ఊళ్ళ డీఎమ్‌లు కలిసి నడిపే క్యాంపెయిన్‌లో (ఎన్నో సెషన్లు సాగే పెద్ద కథ) ఎవరికి నచ్చిన ఆప్షనల్ రూల్ వాళ్ళు తెచ్చి పెట్టుకుంటే, ఒకే ఫైటర్‌కి కాలవకి ఇవతల రెండు చేతులు, అవతల ఒక చెయ్యి. నీకు జరిగింది సరిగ్గా అదే.

ఇంకో సంగతి ఉంది, చాలామంది డీఎమ్‌లు లెక్కేసుకోరు దీన్ని. పోయిన చెయ్యి తిరిగి రావాలంటే రీజెనరేట్ కావాలి, అది 7వ లెవెల్ స్పెల్ (మంత్రం), క్లెరిక్ (దేవుడి బలంతో స్పెల్స్ వేసే క్యారెక్టర్) 13వ లెవెల్‌కి వస్తే గానీ వెయ్యలేడు. చచ్చిపోయినవాణ్ణి లేపే రెయిజ్ డెడ్ 5వ లెవెల్ స్పెల్, అంటే 9వ లెవెల్ క్లెరిక్ చాలు. అది కూడా మనిషిని లేపుతుందే గానీ తెగిపోయిన భాగాల్ని తిరిగివ్వదు. అంటే నువ్వు ఆ రోజు చెయ్యి పోకుండా నేరుగా చచ్చిపోయి ఉంటే నీకు చవగ్గా పడేది! లెవెల్ 3 వాడికి చావు కన్నా చెయ్యి ఖరీదైపోయింది, ఇదెక్కడి న్యాయం చెప్పు. చిన్న లెవెల్‌లో బాగుచేసుకునే దారి లేని దెబ్బ కొడితే ఆ ప్లేయర్ మూడు సెషన్లు ఓపిక పట్టి నాలుగోసారి కొత్త క్యారెక్టర్ షీట్ పట్టుకొస్తాడు, అప్పుడు ఆ దెబ్బా పోయింది, దాని వెనకాల కథా పోయింది.

అలాగని భీమవరం ఆయన్ని తిట్టను. ఓగర్ గద తగిలినా రాత్రి పడుకుని లేస్తే అంతా మామూలే అయితే భయం ఏముంటుంది అని ఆయన బాధ, అది నిజమే కదా. ఆయనకి నేను చెప్పేది ఏంటంటే, దెబ్బ ఉంచండి, చెయ్యి తియ్యకండి. నీ లాగ్ షీట్‌లో ఇలా రాయించుకో:

"ఓగర్ గద తగిలి ఎడమ మోచెయ్యి చితికింది. షీల్డ్ పట్టొచ్చు, ఫైట్‌లో ఏ మైనసూ లేదు. తాడు పట్టి ఎక్కడం, పడవ లాగడం లాంటివి ఒంటరిగా చెయ్యలేడు, పక్కన ఒకరు సాయం పట్టాలి. 5వ లెవెల్ దాటాక ప్లేయర్ ఇష్టమైతే తీసేసుకోవచ్చు."

అంతే. ఏం జరిగిందో ఉంది, దేనికి అడ్డమో ఉంది, దేనికి అడ్డం కాదో ఉంది, ఎప్పుడు పోతుందో కూడా ఉంది. కాకినాడ డీఎమ్ ఎప్పుడూ నిన్ను చూసి ఉండకపోయినా టీ వచ్చేలోపు చదివేస్తాడు, తన సీన్‌లో పడవ ఉంటే వాడుకుంటాడు, లేకపోతే వదిలేస్తాడు, నువ్వూ ఫైటర్‌గా పనికిరాకుండా పోవు. పైగా తాడు దగ్గర నువ్వు ఆగిపోతే పక్కనున్న రోగ్ (దొంగ తరహా క్యారెక్టర్) వచ్చి నీ నడుం పట్టుకుని పైకి లాగాలి, అక్కడ వచ్చే మాటలూ ఎకసెక్కాలూ మైనస్ 2 అని రాస్తే రావు.

ఈ నాలుగు సంగతులూ లేకుండా "ఎడమ చెయ్యి లేదు" అని ఒక్క ముక్క మాత్రం రాసిన షీట్ నా టేబుల్‌కి వస్తే, ఆ ప్లేయర్‌ని పక్కకి పిలిచి ఏం కావాలో అడిగి, ఇద్దరం కలిసి తిరగరాసుకుంటాం.

నమస్తే అండి. మా టేబుల్‌లో లెవెల్ 2 విజార్డ్ చచ్చిపోయింది. ఆడేది ఇంటర్ చదివే అమ్మాయండి, ఆ క్యారెక్టర్ బొమ్మ కూడా రంగులేసి గీసుకుంది, ఆ రోజు ఏడ్చేసింది. పార్టీ మొత్తం దగ్గర కలిపినా 200 గోల్డ్ లేదు, రెయిజ్ డెడ్‌కి కావాల్సిన వజ్రమే 500. నేను ఊరికే బతికించేస్తే చావుకి విలువేముంది మేడమ్ అని మిగతా కుర్రాళ్ళు అంటున్నారు. ఏం చెయ్యను? – టీచర్, డీఎమ్, కాకినాడ

మేడమ్ గారూ, ఆ కుర్రాళ్ళకి ముందు కొంచెం చరిత్ర చెప్పండి. గైగాక్స్, ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆట ఇది, అప్పట్నుంచీ చావు రేటు మారుతూనే ఉంది. అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ మొదటి ఎడిషన్‌లో లేపిన ప్రతిసారీ ఒక కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) పాయింట్ శాశ్వతంగా పోయేది, అదీ ముందు పర్సంటేజ్ డైస్‌లో గట్టెక్కితేనే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఒక లెవెల్ పోయేది. ఐదో ఎడిషన్‌కి వచ్చేసరికి డీ20 రోల్స్ మీద మైనస్ 4, అదీ ఒక్కో లాంగ్ రెస్ట్‌కీ ఒకటి చొప్పున తగ్గి నాలుగు రాత్రుల్లో మాయం. అంటే రూల్ ప్రకారం చూసినా ఇప్పుడు చావు నిలిచే మచ్చ ఏం కాదు, వజ్రం దగ్గరే అసలు బరువంతా.

ఆర్గనైజ్డ్ ప్లే నడిపేవాళ్ళకి ఈ తలనొప్పి ముందే తెలుసు. 2014లో డీ అండ్ డీ వాళ్ళ సొంత ఆర్గనైజ్డ్ ప్లే, అడ్వెంచరర్స్ లీగ్, మొదలైనప్పుడు ఏం పెట్టారంటే, 1 నుంచి 4 లెవెల్ లోపు క్యారెక్టర్ చచ్చిపోతే శవాన్ని ఊరికి తెస్తే చాలు, వాళ్ళ ఫ్యాక్షన్ (కథలో క్యారెక్టర్ చేరిన సంఘం) ఖర్చు పెట్టుకుని లేపుతుంది, కాకపోతే ఆ సెషన్‌లో వచ్చిన ఎక్స్‌పీరియన్స్, గోల్డ్ అన్నీ వదులుకోవాలి. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటకి 2008లో మొదలైన పాత్‌ఫైండర్ సొసైటీ లెక్క ఇంకోలా ఉండేది, మొదటి ఎడిషన్‌లో రెయిజ్ డెడ్‌కి 16 ప్రెస్టీజ్ పాయింట్లు. ఒక సీనారియోకి (ఒక విడత కథకి) మహా అయితే 2 వస్తాయి. ఎనిమిది సీనారియోలు ఒక్కటి కూడా తప్పకుండా బాగా ఆడి ఖర్చుపెట్టకుండా దాచుకుంటే ఒక ప్రాణం అన్నమాట. రెండు చోట్లా చూడండి, రేటు ముందే గోడకి అంటించినట్టు అందరికీ తెలుసు, డీఎమ్ జాలిగుండె మీదా ప్లేయర్ ఏడుపు మీదా ఆధారపడదు. మీ కుర్రాళ్ళ అసలు కంప్లెయింట్ కూడా అదే అయ్యుంటుంది, రేపు వాళ్ళు చచ్చిపోతే వాళ్ళకీ ఇదే దక్కుతుందా లేదా అని.

కాబట్టి నా సలహా, లేపండి, కానీ అప్పు మీద లేపండి. గుడి పూజారి గానీ వర్తకుల గిల్డ్ గానీ వజ్రం ఇచ్చినట్టు పెట్టి షీట్‌లో 500 బాకీ రాయండి. మనవైపు ప్రోనోటు ఎలా చేతులు మారుతుందో ఈ బాకీ కూడా అలాగే, భీమవరం డీఎమ్ దగ్గరికి వెళ్తే అక్కడ గిల్డ్ మనిషి ఎదురై "ఆ డబ్బు సంగతి ఏం చేశావమ్మా, పోన్లే, ఈ ఉత్తరం తీసుకెళ్ళి ఇవ్వు, వంద తగ్గిస్తా" అంటాడు. డీఎమ్‌కి అప్పనంగా ఒక సీన్ దొరికింది. వడ్డీ మాత్రం పెట్టకండి మేడమ్, లెక్కలు రాసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు, మూడో టేబుల్‌కే తప్పుతుంది. ఆయుధాలూ స్పెల్‌బుక్కూ తాకట్టు పెట్టించకండి, స్పెల్‌బుక్ లేని విజార్డ్ టేబుల్ దగ్గర కూర్చుని చేసేదేముంది. మిగతా కుర్రాళ్ళని హామీ సంతకం పెడతారా అని అడగండి. పెట్టినవాళ్ళ షీట్‌లో కూడా ఒక లైన్ పడుతుంది. విలువ గురించి మాట్లాడిన వాళ్ళలో ఎంతమంది పెడతారో చూద్దాం, నాకైతే సరదాగా ఉంది!

పది రోజుల లెక్క మర్చిపోకండి, రెయిజ్ డెడ్ చచ్చిపోయిన పది రోజుల లోపే పనిచేస్తుంది, రెండు సెషన్ల మధ్య కథలో నెల గడిచిందని రాసేశారంటే గోవిందా.

అన్నట్టు, ఇవన్నీ చేసేముందు ఆ అమ్మాయిని అడిగారా? కొంతమంది ఏడ్చినా తర్వాత రోజు "వద్దు మేడమ్, అలాగే ఉండనివ్వండి, దాని చెల్లెల్ని తయారుచేస్తా" అంటారు. అప్పుడు లేపితే వాళ్ళ చావుని మీరు లాక్కున్నట్టే.

నా రోగ్‌ని వేర్‌ర్యాట్ (ఎలుకగా మారే మనిషి) కరిచిందండి, శాపం అంటుకుంది. మా డీఎమ్ ఇక ఈ క్యారెక్టర్ ఎప్పటికీ ఇంతే అంటున్నాడు. నిజమా? – తణుకు

కాదు. 2014 రూల్స్‌లో పుట్టుకతో వచ్చిన వేర్‌ర్యాట్‌కైతే విష్ అనే పెద్ద స్పెల్లే దిక్కు, కరిచి అంటుకున్నదానికి రిమూవ్ కర్స్ చాలు, 3వ లెవెల్ స్పెల్. పార్టీలో 5వ లెవెల్ క్లెరిక్ ఉంటే టీ తాగించి అడగండి. కొన్నాళ్ళు ఉంచుకుని ఆడదాం అనుకుంటే మాత్రం ముందు క్యాంపెయిన్ నడిపేవాళ్ళ పర్మిషన్ తీసుకోండి, ఎందుకంటే మామూలు కత్తి దెబ్బ తగలని రోగ్ పక్క టేబుల్‌కి వచ్చి కూర్చుంటే ఆ డీఎమ్ ఫైట్లన్నీ మూలకూర్చుంటాయి. శాపం పేరుతో వరం పట్టుకొచ్చాడంటారు మిమ్మల్ని.

సంక్రాంతికి హైదరాబాద్, బెంగుళూరు నుంచి అందరూ దిగుతారు కదండీ, ముక్కనుమ నాడు ఐదు టేబుళ్ళు పెట్టి ఒకే కథ నడిపించాం. ఏటి మధ్య లంక ఊరు, పైన ఆనకట్ట, కోట కాపాడాలంటే గేట్లు ఎత్తాలి, ఎత్తితే లంక మునుగుతుంది. మూడు టేబుళ్ళు గేట్లు ఎత్తకుండా కోట వదులుకున్నాయి, రెండు టేబుళ్ళు ఎత్తేశాయి. ఇప్పుడు ఆ ఊరు ఉన్నట్టా మునిగినట్టా? పై సీజన్ ఎలా రాయాలి? – ఆర్గనైజర్, పాలకొల్లు

ముందు ఒక మాట, కనుమ నాడు పెట్టకుండా మంచి పని చేశారు, జగ్గన్నతోట ప్రభల తీర్థం వదిలేసి డైస్ వెయ్యడానికి కోనసీమ వాళ్ళెవరూ రారు.

ఇది పెద్ద క్యాంపెయిన్లు కూడా తలపట్టుకున్న విషయమేనండి. 2000 నుంచి 2008 దాకా లివింగ్ గ్రేహాక్ అని నడిచింది. ఆ ఊహా ప్రపంచాన్ని 30కి పైగా రీజియన్లుగా కోసి, ఒక్కోదాన్ని అమెరికాలో ఒక రాష్ట్రానికో కొన్ని రాష్ట్రాలకో, బయట ఒక దేశానికో అప్పగించారు, ఒక్కో రీజియన్‌కి ట్రయాడ్ అని ముగ్గురు వాలంటీర్లు. టేబుల్‌లో జరిగింది ప్లేయర్ దగ్గర అడ్వెంచర్ రికార్డ్ అనే కాగితం మీద ఉండేది, ఎవరి దయ సంపాదించారో ఎవరి పగ తెచ్చుకున్నారో దాంట్లోనే. ప్రపంచానికి ఏమైందన్నది నడిపేవాళ్ళు తేల్చేవారు, నీకేమైందన్నది నీ కాగితం చెప్పేది. ఈ రెండూ వేరు వేరుగా ఉంచుకుంటే మీ సమస్య సగం తీరిపోతుంది.

ఊరి సంగతి మెజారిటీకి వదిలెయ్యండి, మూడు టేబుళ్ళ మాట చెల్లి లంక మిగిలింది, కోట పోయింది. కానీ ఎత్తిన రెండు టేబుళ్ళ వాళ్ళని "మీది లెక్కలోకి రాదు" అన్నారంటే పై సంక్రాంతికి వాళ్ళు కోడిపందేలకి పోతారు, మీ టేబుల్‌కి రారు. అందుకని మధ్యేమార్గం కథలోనే వెతకాలి, మనకి గోదావరి ఉండగా దానికి కరువేంటి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు, ఒకటీ రెండూ ఎత్తినంత మాత్రాన లంకలు మునగవు. నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, అంటే మునక కూడా మెట్టు మెట్టుగానే వస్తుంది. మీ కథలో కూడా అలాగే పెట్టండి, కొన్ని గేట్లే లేచాయి, ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి, జనం బడి మేడెక్కి బతికారు. నీళ్ళు తీశాక చూస్తే తూర్పు వైపు పొలాలన్నీ ఇసుక మేట వేసేశాయి. వరద చూసినవాళ్ళకి తెలుసు, నీళ్ళు వారంలో పోతాయి, మేట తియ్యడానికే ప్రాణం పోతుంది, ఆ ఏడాది పంటా ఉండదు.

ఇప్పుడు చూడండి. ఎత్తనివాళ్ళ షీట్‌లో "లంక జనం ఈ మనిషికి పడవ ఉచితంగా కడతారు, కోట సైన్యంలో మాత్రం ఒక దళపతి పగబట్టాడు" అని రాయండి. ఎత్తినవాళ్ళ షీట్‌లో "కోట వాళ్ళు అడక్కుండానే ఆశ్రయం ఇస్తారు, లంక సరంగు మాత్రం ముఖం చూసి పడవ ఎక్కించుకోడు, మేట తియ్యడానికి ఒక డౌన్‌టైమ్ (రెండు సాహసాల మధ్య ఖాళీ సమయం) ఇస్తే ఎక్కించుకుంటాడు" అని. రెండింటికీ లాభం ఉంది, రెండింటికీ దెబ్బ ఉంది. పై సీజన్‌లో ఈ రెండు రకాలవాళ్ళూ ఒకే టేబుల్‌లో కూర్చుంటారు చూడండి, రేవు దగ్గర సగం మంది పడవెక్కి సగం మంది ఒడ్డున నిలబడతారు, అప్పుడు పార్టీలోవాళ్ళే సరంగుని బతిమాలుకోవాలి. మీరు ఒక్క డైలాగ్ రాయక్కర్లేదు, అరగంట నడిచిపోతుంది.

రిపోర్టులు మాత్రం ఆ రాత్రే తీసుకోండి. పండగయ్యి బస్సెక్కాక ఎవరికీ ఏమీ గుర్తుండదు.

మా డీఎమ్ నా పాలడిన్‌ని చార్మ్ చేసి (మంత్రంతో మనసు లొంగదీసి) నాతోనే పార్టీని పట్టించాడండి. సేవ్ (మంత్రం తప్పించుకోవడానికి వేసే డైస్) ఫెయిలయ్యాను, అక్కడిదాకా ఓకే. కానీ లాగ్ షీట్‌లో "ద్రోహి, నమ్మినవాళ్ళని శత్రువుకి అప్పగించింది, శాశ్వతం" అని రాశాడు. ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా మొదటి పది నిమిషాలూ అందరూ అదే పట్టుకుని ఏడిపిస్తున్నారు, కొంతమంది మాటలు క్యారెక్టర్ దాటి నా మీదకి వస్తున్నాయి. మానేద్దామా అనిపిస్తోంది. – ఉద్యోగిని, రావులపాలెం

మానకమ్మా. ఆ లైన్ కొట్టించెయ్, ఈ వారమే.

చార్మ్ అయినప్పుడు చేసింది నీ క్యారెక్టర్ తీసుకున్న నిర్ణయం కాదు, ఒక డీ20 తక్కువ పడింది, అంతే. ప్లేయర్ ఎంచుకుని చేసినదానికి షీట్‌లో లైన్ పడితే న్యాయం, గేట్లెత్తినవాళ్ళ లాగ. డీఎమ్ తన చేత్తో చేయించి దాన్ని పర్మనెంట్‌గా నీ పేరు మీద రాయడం అన్యాయం. అందులోనూ పాలడిన్‌కి, ప్రమాణం మీదే బతికే క్లాస్ (క్యారెక్టర్ రకం) అది. ఆ డీఎమ్ గారు ఒప్పుకోకపోతే క్యాంపెయిన్ నడిపేవాళ్ళకి రాయి, కారణం ఒక్క వాక్యం చాలు, సంజాయిషీ ఏం అక్కర్లేదు.

ఈలోగా ఎవరి టేబుల్‌లో కూర్చున్నా డైస్ బయటికి తియ్యకముందే డీఎమ్‌కి చెప్పు, ఆ టాపిక్ వద్దు అని. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన 2013లో ఎక్స్ కార్డ్ అని పెట్టాడు, అట్టముక్క మీద ఇంటూ గుర్తు, దాన్ని ముట్టుకుంటే ఆ సీన్ అక్కడితో ఆగుతుంది, ఎందుకని ఎవరూ అడగరు. మన టేబుళ్ళలో అది పెట్టమంటే కొంతమంది మగపిల్లలు నవ్వుతారు, నవ్వనీ. పెళ్ళి కార్డు వెనకాల స్కెచ్‌తో గీసినా పనిచేస్తుంది.

నువ్వు ఆ సంఘటన ఉంచుకోవాలనుకుంటే నీ మాటల్లో రాసుకో, "ఒకసారి మనసు తన చేతిలో లేదు, ఇప్పుడు ఎవరైనా చార్మ్ గురించి మాట్లాడితే కత్తి పిడి మీదకి చెయ్యి పోతుంది" లాంటిది. ఉంచుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం, డీఎమ్‌ది కాదు.

మా గ్రూపులో ఒకడున్నాడండి, చెడ్డ లైన్లు నాలుగు పడగానే "షీట్ వానలో తడిసిపోయింది" అని కొత్తది పట్టుకొస్తాడు. పేరు అదే, కత్తి అదే, గోల్డ్ మాత్రం పైసాతో సహా గుర్తుంటుంది, బాకీలు మర్చిపోతాడు. ఏం చెయ్యాలి? – నరసాపురం

ఇలాంటివాడు ఊరికొకడు ఉంటాడండి! సెషన్ అయిపోగానే డీఎమ్ ఫోన్ తీసి షీట్ ఫొటో కొట్టి గ్రూపులో పడేస్తే చాలు, వాన ఎంత కురిసినా ఫర్వాలేదు. అతను అసలు ఎందుకు తప్పించుకుంటున్నాడో కూడా చూడండి, ఆ నాలుగు లైన్లలో ఆడటానికి పనికొచ్చేది ఒక్కటైనా ఉందా లేక నాలుగూ మైనస్‌లేనా. క్లాస్ నచ్చక మార్చుకోవాలంటే దానికి వేరే దారి ఉంది, అడ్వెంచరర్స్ లీగ్‌లో 5వ లెవెల్‌కి చేరేలోపు క్యారెక్టర్‌ని తిరగకట్టుకోనిచ్చారు, మీరూ ఇవ్వండి, ఫైటర్‌ని బార్డ్ చేసుకోమనండి. గోల్డూ, బాకీలూ, పగలూ మాత్రం పాత షీట్‌లోంచి అలాగే ఎక్కించి కింద డీఎమ్ సంతకం పెట్టాలి. మొత్తం వదిలించుకుని కొత్త మనిషిగా రావాలంటే లెవెల్ 1తో, ఖాళీ చేతులతో, కొత్త పేరుతో రమ్మనండి, ఆ కత్తి కూడా పాతవాడితోనే పోతుంది.